శ్రీ పెట్టినదాన్ని చెరపకూడదు

సభకు పెద్దగా కూర్చున్న మన జనరల్ మేనేజరు శ్రీకాంత్ గారికి, మొదటి వరసలో చెవి మిషను సరిచేసుకుంటూ నా వైపే అనుమానంగా చూస్తున్న మా గురువుగారు కామేశ్వరరావు గారికి, షాపులో పని ఆపి చేతులు కూడా కడుక్కోకుండా వచ్చేసిన ఫిట్టర్లకి, వెల్డర్లకి, డ్రాయింగ్ ఆఫీసులో ఇన్నాళ్లూ నన్ను భరించిన మిత్రులకి, తలుపు దగ్గర టీ కెటిల్ పట్టుకుని ఈయన ఎప్పుడు ఆపుతాడా అని చూస్తున్న క్యాంటీన్ ముత్యమ్మకి, అందరికీ నమస్కారం. ముత్యమ్మా, టీ చల్లారితే చల్లారనీ. ఇవాళ రిటైరవుతున్నాను, రేపటి నుంచి నా మాట వినేవాళ్లు ఇంట్లో కూడా ఉండరు. (నవ్వులు)

ఇందాకటి నుంచి అందరూ నన్ను పొగుడుతుంటే వింటూ కూర్చున్నాను. బాగానే ఉంది, కాదనను. శాలువా కూడా బాగుంది. అయితే మా షాపు ఫోర్‌మన్ యాదన్న లేచి ‘శివరామకృష్ణ సారు అసొంటి మనిషి దొరకడు’ అన్నప్పుడు మాత్రం నాకు కాస్త భయం వేసింది. ఎందుకంటే నన్ను ముఖాన తిట్టకుండా యాదన్న ఒక పూట గడపగా నేను చూడలేదు. ఈ హాల్లోంచి బయటికి వెళ్లాక ఆ బాకీ తీర్చేస్తాడని నమ్మకంగా ఉంది.

పాలకొల్లు నుంచి ఉద్యోగం కోసం పటాన్‌చెరు వచ్చి బస్సు దిగిన రోజున నాకు ఈ ఊరి మాట సగమే అర్థమయ్యేది. ఇస్నాపూర్‌లో కిరాయికి తీసుకున్న గది ఓనరమ్మ నర్సింహమ్మ గారు ‘బువ్వ తిన్నవా బిడ్డా’ అని అడిగితే, మా వైపు బువ్వ అనేది చంటిపిల్లలతోనే, నన్నలా అడిగి అన్నం పెడుతోందే అని ఆశ్చర్యపోయేవాణ్ణి. ఇవాళ మా ఊరు వెళితే మా అన్నయ్య నా మాట విని ‘నువ్వు తెలంగాణావాడివైపోయావురా’ అంటాడు. అంటే అననీ. అన్నం పెట్టిన చోట మాట అంటుకోదా?

మా ఆవిడ తరఫు బంధువులు చాలామంది వచ్చారు. వాళ్లకి నేను ఇక్కడ ఏం చేశానో ఇప్పటికీ తెలియదు. ‘బావగారు ఫ్యాక్టరీలో బొమ్మలు దాస్తారు’ అని చెప్పుకుంటారని విన్నాను. (నవ్వులు) తప్పేం కాదు. ఈ చుట్టుపక్కల మందుల కంపెనీలకి కావలసిన రియాక్టర్లు మన షాపులో తయారవుతాయి. రియాక్టరు అంటే మరేం లేదు, ఒక పెద్ద ఉక్కు పాత్ర, దాని చుట్టూ తొడుక్కున్నట్టు ఇంకో ఉక్కు పొర. ఆ పై పొరని జాకెట్ అంటాం. రెండిటి మధ్యా ఆవిరి పంపి లోపలి సరుకుని కాగబెడతారు. ప్రతి రియాక్టరుకీ డ్రాయింగులుంటాయి. పాతికేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి మా పాత్రకి ఇంకో గొట్టం అతకాలి, డ్రాయింగు ఇవ్వండి అంటే తీసి ఇవ్వాలి. ఆ తీసి ఇచ్చేవాణ్ణి నేను. ఇచ్చిన కాగితం మీద ‘ఇదే’ అని సంతకం పెట్టేవాణ్ణి కూడా నేనే.

ఈ పని నాకు నేర్పింది కామేశ్వరరావు గారు. ఆయన కాలంలో అన్నీ కాగితాలే. ప్రతి దసరాకీ ఆయుధపూజ రోజున షాపులో మిషన్లకి బొట్లు పెడుతుంటే, మా డ్రాయింగ్ ఆఫీసులో కొత్త సంవత్సరం ఫైళ్లు తెరిచి, ప్రతి అట్ట మీదా పసుపు రాసి, తెలుగులో ‘శ్రీ’ అని రాసేవాళ్లం. దానికో నియమం కూడా ఆయనే పెట్టారు. ఒకసారి శ్రీ పెట్టిన ఫైలుని చెరపకూడదు, చింపకూడదు, పారేయకూడదు. డ్రాయింగు మారిందా, పాతది అలాగే ఉంచి పక్కన ఇంకొకటి తెరువు. కంప్యూటర్లు వచ్చాక అట్టలు పోయాయిగానీ గురువుగారు పోనిచ్చేవారా? అప్పుడు కంప్యూటర్లు చూసే పవన్‌కుమార్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, తెలుగు కీబోర్డు పెట్టించి, ప్రతి దసరాకీ ఫోల్డరు పేరు మొదట్లో శ్రీ కొట్టించారు. తెర మీద పసుపు రాయనందుకు ఇవాళ్టికీ పవన్‌కుమార్ ఆయనకి రుణపడి ఉన్నాడు. (నవ్వులు)

ఆయన రిటైరైనా మేం అదే పద్ధతి సాగించాం. ఎందుకని అడిగిన వాళ్లు లేరు. ఈ మధ్యనే, కొత్త సాఫ్ట్‌వేరు వచ్చాక అడిగారు.

శ్రీకాంత్ గారు ఏమీ అనుకోకూడదు, ఈ కథలో మీరూ ఉన్నారు. కంపెనీ ఒక కొత్త సాఫ్ట్‌వేరు కొంది. డ్రాయింగుల పట్టీ అంతా అందులోకి ఎక్కించారు. ఏ డ్రాయింగు ఏ ఫోల్డరులో ఉందో చెప్పే దారి ఉంటుంది చూశారూ, పెద్ద ఫోల్డరు, దాన్లో చిన్న ఫోల్డరు, మధ్యలో ఏటవాలు గీత, ఆ దారులన్నీ కూడా ఎక్కించారు. ఎక్కేటప్పుడు ఆ సాఫ్ట్‌వేరు ఒక పని చేసింది. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్ప దానికి ఏం కనబడినా తీసేసి అక్కడ అడుగున ఒక చిన్న గీత పెట్టింది. ఖాళీ ఉంటే గీత, చుక్క ఉంటే గీత, ఏటవాలు గీతకీ అదే గీత. మన శ్రీ అయితే కంప్యూటరు లెక్కలో నాలుగు ముక్కలట, నాలుగు గీతలైంది. ఇన్నేళ్లు పూజ చేసి రాసిన అక్షరం పోయి, పళ్లు ఊడిన దువ్వెనలా గీతలు మిగిలాయి. పాత సర్వర్లో ఫోల్డర్లు ఎక్కడివక్కడ చక్కగానే ఉన్నాయి. కొత్త పట్టీలో వాటి దారులు మాత్రం ఎవరూ గుర్తుపట్టలేనట్టు తయారయ్యాయి. పైగా ఆ నెలాఖరుకి పాత సర్వరు ఆపేస్తారట.

అప్పుడు వచ్చింది హరిచందన. అదిగో, మూడో వరసలో తల వంచుకుని ఫోను చూస్తున్నట్టు నటిస్తోంది. తల ఎత్తమ్మా, నిన్ను తిట్టబోవడం లేదు. (చప్పట్లు) వాళ్ల నాన్నగారూ నాలాగే గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవారు. ఈ అమ్మాయి పైథాన్‌లో ప్రోగ్రాములు రాస్తుంది. అప్పటికి చేరి కొన్ని నెలలే అయింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మారిపోయిన దారులన్నిటినీ అసలు ఫోల్డర్లతో కలపడం ఈమె పని. అది సరిగ్గా జరిగితే ఉద్యోగం ఖాయమని శ్రీకాంత్ గారు మాట ఇచ్చారు.

మొదట ఆమె అందరూ చేసేదే చేసింది. గీతలున్న పేరుని తీసుకుని, దానికి ఎక్కువ పోలిక ఉన్న ఫోల్డరు ఏదో వెతికించింది. పైథాన్‌లో దానికి సాధనం సిద్ధంగానే ఉందట. ఒక్క పూటలో ప్రతి దారికీ ఒక ఫోల్డరు దొరికేసింది. శ్రీకాంత్ గారు సంతోషించి మిఠాయి తెప్పించారు, నేనూ తిన్నాను. తిని, చెయ్యి తుడుచుకుని, ఊరికే ఒక రియాక్టరు కాళ్ల డ్రాయింగు తెరవమన్నాను. ఇంకో రియాక్టరు మూత వచ్చింది.

ఇక్కడ మీకు మా బావమరిది సంగతి చెప్పాలి. ఆయన ఎదురుగానే కూర్చున్నాడు, అయినా చెబుతాను. కిష్టారెడ్డిపేటలో మేముండే అపార్ట్‌మెంటూ పక్క అపార్ట్‌మెంటూ ఒకే బిల్డరు కట్టినవి. ఒకే రంగు, ఒకే మెట్లు, గుమ్మం పక్కన చెప్పుల స్టాండు కూడా ఒకటే. ఈయన మొదటిసారి వచ్చినప్పుడు పక్కదాంట్లోకి ఎక్కి, మా ఇల్లే అనుకుని బెల్లు కొట్టి, ఎవరో ఒకావిడ తలుపు తీస్తే మా ఆవిడ తోటికోడలు కాబోలనుకుని లోపలికి వెళ్లి కూర్చున్నాడు. ఆవిడ వాళ్లాయన స్నేహితుడనుకుని కాఫీ ఇచ్చింది. కాఫీ తాగాడు. బాగుందన్నాడు. (నవ్వులు) పోలికని బట్టి వెతికితే ఏదో ఒక ఇల్లు ఎప్పుడూ దొరుకుతుంది. దొరకలేదు అనే మాట ఆ పద్ధతికి రాదు. నాకు దాంతో వచ్చిన భయం అదే.

హరిచందనకి నేను ఇదేమీ వివరించలేదు. మూత తెరుచుకోగానే ఆ అమ్మాయి ముఖం చూస్తే తెలిసింది, ఆమెకి నాకంటే ముందే అర్థమైందని. మర్నాడు వచ్చి మొత్తం తిరగేసి రాసింది. ఏం చేసిందంటే, గీతల్ని విప్పి అసలు పేరు కనుక్కోవడం మానేసింది. ఆ గీత ఒకప్పుడు ఖాళీయో చుక్కో శ్రీయో ఎవరికి తెలుసు? దానికి బదులు పాత సర్వర్లో నిజంగా ఉన్న ఫోల్డర్లన్నిటినీ ఒక్కొక్కటిగా నడిచి చూసి, ప్రతిదాని దారికీ సాఫ్ట్‌వేరు చేసిన మార్పే తానూ చేసి చూసింది. స్కూలు వార్షికోత్సవంలో రంగు పూసుకున్న పిల్లల్లో మనవాడెవడో తెలియకపోతే, స్టేజీ మీద వాడి ముఖం గీకనక్కర్లేదు. ఇంట్లో ఉన్న మనవాడి ఫొటోకి అదే రంగు పూసి చూస్తే చాలు. అలా చేస్తే ఎక్కువ భాగం సూటిగా కలిసిపోయాయి. పోలిక కాదు, అక్షరం పొల్లుపోకుండా. నాకైతే తీర్థయాత్ర చేసినంత తృప్తి కలిగింది, ఇప్పటికీ తలచుకుంటే సంతోషంగా ఉంటుంది.

కానీ కొన్ని చోట్ల ఒక్కో గీతల పేరుకి రెండేసి ఫోల్డర్లు వచ్చాయి. కారణం మన గురువుగారే. శ్రీ పెట్టినదాన్ని చెరపకూడదు కదా! డ్రాయింగు మారినప్పుడల్లా పాతది ఉంచి పక్కన కొత్తది తెరిచాం. పాతదాని పేరు జాకెట్, మధ్యలో అడ్డగీత, పన్నెండు. కొత్తదాని పేరు జాకెట్, మధ్యలో ఖాళీ, పన్నెండు. మన కళ్లకి వేరు, ఆ సాఫ్ట్‌వేరుకి రెండూ ఒకటే. దేశంలో ఇంకే కంపెనీకీ ఈ తిప్పలు వచ్చి ఉండవు. గురువుగారూ, మీరు నవ్వుతున్నారు, అప్పుడు మేం నవ్వలేదు.

ఆ జాకెట్ పన్నెండు గురించే నేనివాళ మాట్లాడదలుచుకున్నది. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో మనం ఎప్పుడో చేసిచ్చిన రియాక్టరుంది. దానికి పక్కనుంచి కొత్త గొట్టం పెట్టాలి, జాకెట్ కోయాలి. కోసే కాంట్రాక్టు మనకే వచ్చింది, సోమవారం పని మొదలు. డ్రాయింగు కోసం చూస్తే రెండు ఫోల్డర్లు. ఒకదాంట్లో జాకెట్‌కీ లోపలి పాత్రకీ మధ్య ఒక ఉక్కు రింగు ఉంది. రెండోదాంట్లో రింగు లేదు. ఆ రింగు అలంకారం కాదండీ. ఆవిరి ఒత్తిడికి లోపలి పాత్ర నలిగిపోకుండా పట్టుకునేది అదే. తెలియక దాన్ని కోసేస్తే, మళ్లీ ఆవిరి వదిలిన రోజున పాత్ర లోపలికి కుంగి, పక్కన నిలబడ్డవాళ్ల మీద సలసలకాగే సరుకు పడుతుంది. రెండు డ్రాయింగుల మీదా సంతకాలున్నాయి, తేదీలు అరిగిపోయిన స్కానింగులు. ఏది కట్టిందో కాగితం చెప్పలేదు.

యాదన్నని పిలిచాం. ఆ రియాక్టరు కట్టినప్పుడు షాపులో ఆయనే ఉన్నాడు. యాదన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“నేనే దగ్గరుండి జేపిచ్చిన సారూ. దాంట్ల రింగు లేదు. నా మాట మీద నమ్మకం లేదా ఏంది?”

మొదటి పద్ధతిలో కంప్యూటరు పోలికని బట్టి పెట్టింది కూడా రింగు లేనిదే. శ్రీకాంత్ గారు నెమ్మదించారు. ఒక మనిషీ ఒక మిషనూ ఒకే మాట చెబితే ఎవరైనా నెమ్మదిస్తారు. ఆ ఫోల్డరు పెట్టేసి, అన్నీ దొరికాయని పై ఆఫీసుకి రాసేయమన్నారు. మిగిలింది హరిచందన టిక్కూ నా సంతకమూ. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

“సార్, రెండూ సమానంగా సరిపోతున్నాయి. అందులో ఒకటి నేను ఎంచితే అది దొరికినట్టు కాదు, నేను పెట్టినట్టు. నేను పెట్టను సార్.”

ఉద్యోగం ఖాయం కాని పిల్ల, ఖాయం చేసే మనిషి ఎదురుగా నిలబడి అన్న మాట ఇది. శ్రీకాంత్ గారి ముఖం ఎర్రబడింది. మొన్న అన్నీ దొరికాయన్నది ఇప్పుడు కొన్ని దొరకలేదంటోంది, పని ముందుకు పోతోందా వెనక్కి పోతోందా అని అడిగారు. అడగడం న్యాయమే, సోమవారానికి మాట ఇచ్చింది ఆయన. నేను ఎన్నో గదుల్లో ఎన్నో సంతకాలు పెట్టాను, గర్వంగానే పెట్టాను. కానీ ఆ రోజు ఆ అమ్మాయి పక్కన నిలబడి, ఆమె టిక్కు పెట్టకపోతే నేనూ సంతకం పెట్టనని చెప్పినప్పుడు కలిగినంత గర్వం ఎప్పుడూ కలగలేదు. (చప్పట్లు) ఆగండి, చప్పట్లు నాకు కాదు.

అయితే ఏం చేద్దామన్నారు శ్రీకాంత్ గారు. పోయి చూద్దామన్నాను. ఫోల్డరు పాత్ర కాదు, పాత్ర పాశమైలారంలో ఉంది. యాదన్న అలిగి, అలిగినా డ్రైవరు పక్క సీట్లో అందరికంటే ముందెక్కి కూర్చున్నాడు. దారంతా మాట్లాడలేదు. యాదన్న మాట్లాడకుండా అంత దూరం ప్రయాణం చేయడం ఈ జిల్లా చరిత్రలో అదే మొదలు. (నవ్వులు)

అక్కడ రియాక్టరు ఆపి ఉంచారు. మన కాంట్రాక్టు వెల్డరు పాండు అప్పటికే కోయాల్సిన చోట సుద్దతో గుండ్రంగా గీసిపెట్టుకున్నాడు. హరిచందన అంతవరకు రియాక్టరుని చూడలేదట. వారాల తరబడి దాని పేరుని అటూ ఇటూ మార్చిన పిల్ల దగ్గరికి వెళ్లి, దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడింది. జాకెట్‌లోకి ఆవిరి వెళ్లే పైపు విప్పించాం. ఆ సందులో నా చెయ్యి పట్టలేదు, యాదన్నది అసలే పట్టదు. హరిచందన తన ఫోను టార్చి వెలిగించి, వీడియో పెట్టి, మోచేతి దాకా లోపలికి పోనిచ్చి మెల్లగా తిప్పి తీసింది. ముగ్గురం తలలు ఆనించి చూశాం. తుప్పు, మసి, మళ్లీ తుప్పు. తర్వాత వంపు తిరిగిన ఉక్కు అంచు ఒకటి, పాండు గీసిన సుద్ద గుండ్రానికి సరిగ్గా వెనకాల.

యాదన్న వీడియో మళ్లీ పెట్టమన్నాడు. రెండోసారి చూసి ఫోను ఆమె చేతికిచ్చేశాడు.

“ఉన్నది సారూ. నాకు యాది లేదు.”

అంతే అన్నాడు. అని భుజం మీది తువ్వాలు తీసి ఆ సుద్ద గీతని తనే తుడిచేశాడు. అక్కడ నిలబడి చూస్తున్న పాండు, మరి యాడ గొయ్యాలె అని అడిగాడు. అడిగినవాడికి తెలియదు తను ఎంత పెద్ద ప్రశ్న అడిగాడో. అతనికి జవాబు చెప్పడానికే కదా మన ఆఫీసు ఉన్నది! యాదన్నే రింగుకి పైన కొత్త గుర్తు పెట్టి చూపించాడు. ఇవాళ అదే గొట్టం నిక్షేపంగా పనిచేస్తోంది, పాండు నాలుగో వరసలో కూర్చుని ఆవలిస్తున్నాడు. ఆవలించు నాయనా, నువ్వలా ఆవలిస్తుంటే చూడటం నాకు ఇష్టమే.

తిరిగొచ్చి చెబితే శ్రీకాంత్ గారు ఆ వీడియో నిలబడే చూశారు. చూసి, అన్నీ దొరికాయని రాయించిన కాగితం చింపి, అన్నీ దొరకలేదనీ, రెండేసి వచ్చిన ప్రతి చోటా మనిషి వెళ్లి చూసొచ్చాకే టిక్కు పెట్టాలనీ రాయించారు. నెలాఖరుకి ఆపుతామన్న పాత సర్వరుని అన్నీ తేలేదాకా ఆపనివ్వలేదు. పై ఆఫీసుతో ఆయన ఎన్ని మాటలు పడ్డారో నాకు తెలుసు, బయటికి చెప్పుకోరు కాబట్టి నేను చెబుతున్నాను. హరిచందన ఉద్యోగం ఆ వారమే ఖాయం చేశారు. పెద్దరికం అంటే తప్పే చెయ్యకపోవడం కాదండీ, సోమవారానికని ఇచ్చిన మాటని బుధవారానికి మార్చుకోగలగడం.

ఇప్పుడు ఆ ప్రోగ్రాము మన ఆఫీసులో నడుస్తోంది. ఒకటి దొరికితే కలుపుతుంది, ఏదీ దొరకకపోతే లేదంటుంది, రెండు దొరికితే ఆగి మనల్ని పిలుస్తుంది. నాకు తెలిసిన మనుషుల్లో ఇంత మర్యాదస్తులు తక్కువ. పాత జాకెట్ పన్నెండు ఫోల్డరుని ఆమె తీసేయలేదు. నేను తెరిచి చూస్తే లోపల చిన్న నోటు టైపు చేసి పెట్టి ఉంది: ‘ఇది కట్టనిది. కట్టింది పక్కన ఉంది.’ ఈ పూజలవీ ఆ అమ్మాయికి పట్టవు, నాకు తెలుసు. అయినా కొత్త పట్టీలో గీతల పేరు పక్కనే అసలు పేరు కూడా కనబడేలా చేసింది, మొదట్లో శ్రీతో సహా. గురువుగారూ, మీ అక్షరం మళ్లీ తెర మీదికి వచ్చింది.

ఇక ముత్యమ్మ కెటిల్ కింద పెట్టేసింది, కాబట్టి ముగిస్తాను. కంపెనీకీ, మా ఆవిడకీ, తిట్టి పని చేయించిన యాదన్నకీ, నాకు భుజం కాసిన అందరికీ కృతజ్ఞతలు. నా కుర్చీలో రేపటి నుంచి హరిచందన కూర్చుంటుంది. నాకు దిగులుగా లేదు. కామేశ్వరరావు గారు నన్ను ఈ ఆఫీసుకి శ్రీ పెట్టి తెరిచారు, శ్రీ పెట్టినదాన్ని మీరు చెరపరు, పక్కన కొత్తది తెరిచారు, అంతే. హరిచందనకీ నాకూ మధ్య ఎప్పుడైనా తేడా వచ్చి, ‘శివరామకృష్ణ అయితే ఇలా అనేవాడేమో’ అని మీకు అనుమానం కలిగితే మాత్రం, దయచేసి పోలికని బట్టి ఊహించకండి. కిష్టారెడ్డిపేట వచ్చి తలుపు కొట్టి అడగండి. కాఫీ ఇచ్చిన వెంటనే తాగేయకుండా ఇల్లు మాదేనా కాదా అని ఒకసారి చూసుకోండి. (నవ్వులు)

ఇన్నేళ్లూ ఈ మాట చీటీ మీద రాసి, కారణం చెప్పి, మేనేజరు గారి బల్ల మీద పెట్టి, ఆయన ఒప్పుకుంటారో లేదోనని గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఇవాళ చీటీ లేదు, కారణం లేదు, నోటితోనే అడుగుతున్నాను శ్రీకాంత్ గారూ. సెలవు.